రైలు లేకుండా రైలు సినిమా: పర్లాకిమిడిలో మేం తీసిన 17 నిమిషాలు

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, కానీ బైకు మీద కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్రా వచ్చేస్తుంది. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, బజార్లో రెండూ కలిపి మాటాడతాం. నేను పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలో ఆరేళ్ళుగా పనిచేస్తన్నాను, ముహూర్తాలు ఉంటే నిద్ర ఉండదు, లేకపోతే పని ఉండదు. ఎప్పట్నించో ఒక షార్ట్ ఫిల్మ్ తియ్యాలని ఉండీది. కథ కూడా చిన్నప్పట్నించీ మనసులోనే ఉంది, మా ఊరి చిన్నబండి.

తెలీనివాళ్ళకి చెప్తాను. నౌపడ నుంచి మా ఊరికి 1900లో నేరోగేజ్ రైలు వచ్చింది, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. వేయించింది పర్లాకిమిడి రాజావారు. తర్వాత 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు, మొత్తం 90 కిలోమీటర్లు. టెక్కలి, పాతపట్నం, మా ఊరు, కాశీనగర్, అలగ వంశధార పక్కనుంచి పోయీది. 2004లో ఆపేశారు, బ్రాడ్‌గేజ్ వేసి 2011కి మళ్ళీ గుణుపురం దాకా బండి తెచ్చారు. చిన్నబండి ఆగిపోయినప్పుడు నాకు ఏడేళ్ళు. మా అమ్మ చంకలో తమ్ముణ్ణి పెట్టుకుని, నన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించడం గుర్తుంది, చెక్కబల్ల గుర్తుంది, అంతే.

మొదట రాసుకున్న స్క్రిప్టు 42 పేజీలు. అందులో స్టేషను ఉంది, బండిలో పెళ్ళివారు ఉన్నారు, ఇంజను డ్రైవరు ఉన్నాడు, పాతికమంది మనుషులు ఉన్నారు. మా బావ కరెంటు పని చేస్తాడు, లెక్కలు గట్టిగా చూస్తాడు, ఆయన ముందు కూర్చుని చదివితే మొత్తం విని, "బావా, ఇది మూడు లక్షల మాట, మన దగ్గర ఏటుంది?" అన్నాడు. మా దగ్గర ఉన్నది 40,000. నేను పెళ్ళిళ్ళ సీజన్లో దాచింది 20,000, బావ ఇచ్చింది 12,000, మా అమ్మ చీటీ పాడగా వచ్చిన దాంట్లోంచి 8,000. అమ్మ డబ్బులు తీసుకునేటప్పుడు చెయ్యి రాలేదు, నిజంగా చెప్తన్నాను.

రైల్వే స్థలంలో షూటింగ్ చెయ్యాలంటే అనుమతి కావాలి, దానికి ఫీజు, డిపాజిట్టు, ఇన్సూరెన్సు అన్నీ ఉంటాయి. దొంగచాటుగా ఫోన్లో తీసేద్దాం అన్నవాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. పట్టాల మీద మనుషుల్ని నిలబెట్టి షాట్ తియ్యడం అన్నది నా లెక్కలో తప్పే, ఎంత చిన్న సినిమా అయినా. పైగా అక్కడున్నది పెద్దబండి, మాకు కావాల్సిన చిన్నబండి ఇప్పుడు లేనే లేదు కదా. అలగ ఎర్ర పెన్ను పట్టుకుని రైలు కనిపించే ప్రతి సీనూ కొట్టేసుకుంటూ పోతే 42 పేజీల్లో 9 మిగిలాయి. బావ వాటిని తిరగేసి "రైలు లేకుండా రైలు కథేటి బావా" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

తర్వాత వారం మా వీధి చివర తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన రైల్వేలో గేట్‌మేన్‌గా చేసి రిటైరయ్యారు, చిన్నబండి రోజుల మనిషి, ఇల్లు పట్టాలకి దగ్గర్లోనే. ఏవైనా పాత సంగతులు చెప్తారేమో రాసుకుందామని వెళ్ళా. మాటాడతా ఉంటే గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా గలగలమన్నాయి. నాకైతే ఇంకేమీ వినిపించలేదు. ఆయన మాట ఆపకుండానే "బండొస్తన్నాది" అని, మళ్ళీ కథలో పడిపోయారు. ఒక అర నిమిషం తర్వాత నిజంగానే బండి హారన్ వినిపించింది, బండి వెళ్ళిపోయింది, గ్లాసులు ఆగిపోయాయి.

నేను అప్పుడే లేచి ఇంటికొచ్చీసాను. దొరికిపోయింది కథ. రైలు ఎక్కడా కనపడక్కర్లేదు. ఒక ముసలాయన, ఒక గది, గూట్లో గ్లాసులు, రాత్రి ఒంటిగంటకి ఎప్పుడో ఆగిపోయిన చిన్నబండి ఆయనకి మాత్రం వినిపిస్తుంది, మనవడికి వినిపించదు. 42 పేజీలున్నప్పుడు నేను రైలు చూపిద్దామనే అనుకున్నాను గాని, రైలు ఎవరిదో అనుకోలేదు. డబ్బుంటే ఎక్కడో పాత పెట్టె ఒకటి వెతికి, దానికి రంగేసి, పెళ్ళివారిని ఎక్కించి తీసీవాణ్ణి. చూసినవాళ్ళు బాగుంది అనీవారు, మర్చిపోయీవారు.

కెమెరా సంగతి. ఆషాఢంలో మాకు పెళ్ళిళ్ళు ఉండవు, స్టూడియో సామానంతా బీరువాలో ఉంటుంది. మా ఓనరుగారిని అడిగితే ఒక బాడీ, ఒకే ఒక లెన్సు ఇచ్చారు, 50 ఎంఎం. మిగతావి రిపేరుకి వెళ్ళాయి. ఆయన రూపాయి తీసుకోలేదు, దానికి నేను ఎప్పుడూ రుణపడే ఉంటాను. అయితే ఆ కెమెరా సెన్సరు చిన్నది, దాని మీద 50 ఎంఎం పెడితే 75 లాగ పనిచేస్తుంది, అంటే అన్నీ దగ్గరికి వచ్చేస్తాయి. తాత గది పదడుగులు, తొమ్మిదడుగులు. గోడకి వీపు ఆనించి నిలబడినా ఆయన మొహం, భుజాలు తప్ప ఇంకేం పట్టట్లేదు. పెళ్ళి వీడియోల్లో మొదట హాలంతా చూపించి అప్పుడు మనుషుల దగ్గరికి వెళ్ళడం మాకు అలవాటు, ఇక్కడ అది కుదరదు. రెండు రోజులు కొట్టుకున్నాక గదిని ముక్కలు ముక్కలుగానే చూపిద్దాం అనుకున్నాం. ఒకసారి గూడు, ఒకసారి మంచంకోడు, ఒకసారి ఆయన చేతులు, లాంతరు చిమ్నీ తుడుస్తున్న గుడ్డ. గది మొత్తం కావాలంటే రోడ్డు దాటి, కాలవ అవతల ట్రైపాడ్ పెట్టి తలుపులోంచి తీసాం. అక్కణ్ణించి చూస్తే చీకటి గోడలో వెలుగు తలుపు, అందులో చిన్నగా ఆయన. సినిమాలో నాకు బాగా నచ్చిన షాట్లలో అదొకటి. ఆటో అడ్డం వస్తే ఆపి మళ్ళీ తీసాం, పదకొండు టేకులు.

కొత్తగా తీసేవాళ్ళకి ఒక మాట, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు పెట్టి షట్టరు సెకనులో 50వ వంతు పెట్టండి, లేకపోతే చవక ఎల్‌ఈడీ బల్బుల కింద వీడియోలో చారలు పారతాయి. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది, ఇది మర్చిపోతే ఎడిటింగులో ఎవరూ పూర్తిగా బాగుచెయ్యలేరు.

మొదటి రోజు షూటింగ్ అంతా పోయింది. చొక్కాకి పెట్టే చిన్న మైకులు జత 2,600 పెట్టి కొన్నాం, వాటిలో ఒకదాని చార్జింగు మధ్యలో అయిపోయింది, నేను హెడ్‌ఫోను పెట్టుకోలేదు, బొమ్మ చూసుకుంటూ ఉండిపోయాను. సాయంత్రం లాప్‌టాప్‌లో వేస్తే తాత మాటాడిన నాలుగు గంటల్లో చప్పుడు లేదు. ఆరోజు భోజనాలకి, పెట్రోలుకి అయిన డబ్బు గురించి కాదు, పెద్దాయన్ని ఉక్కలో అంతసేపు కూర్చోబెట్టినందుకు నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి చెప్పాను. ఆయన "దానికేటి, మళ్ళీ సెప్తాను, రేప్పొద్దున రా" అన్నారు.

ఆ రాత్రి మిగిలిన బొమ్మని చప్పుడు లేకుండా చూస్తా కూర్చున్నాం నేనూ బావా. ఒక విషయం కనిపించింది. నేను రాసిన డైలాగు చెప్పేటప్పుడు ఆయన కళ్ళు పక్కకి పోతన్నాయి, గొంతు దగ్గర నరం బిగుస్తుంది, టేకు టేకు మధ్యలో చిమ్నీ తుడుస్తున్నప్పుడు మాత్రం మనిషి మనిషిలాగ ఉన్నాడు. డైలాగులు నేను సినిమా తెలుగులో రాసీసాను. "నువ్వు వెళ్ళిపోయావనుకున్నాను" అని ఆయన చేత అనిపిస్తే ఎలా వస్తుంది, ఆయన నోట అది "ఎలిపోనావనుకున్నాను" కదా. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది, జనం మాటాడే తెలుగే రాయండని ఆయన అంత పోరాడారు, అదే ఊళ్ళో పుట్టి నేను ఈ పని చేసాను. సిగ్గేసింది.

మర్నాడు డైలాగులన్నీ ఒగ్గేసాం. పగలు ఆయనకి పని ఇచ్చి తీసీవాళ్ళం, గ్లాసులు తోమడం, లాంతరు తుడవడం, మంచం నవారు బిగించడం. రాత్రి రోడ్డు మీద చప్పుళ్ళు తగ్గాక ఆయన మంచం మీదే దుప్పటి కట్టి గూడులాగ చేసి, మైకు దగ్గర పెట్టి, ఏవైనా చెప్పమనీవాణ్ణి. వానాకాలంలో పాములు గేటు గదిలోకి రావడం, ఆయన పెళ్ళికి ఆయనే గేటు డ్యూటీ చేసి లేటుగా వెళ్ళడం, డ్రైవరు చెయ్యూపితే బదులు చెయ్యూపకపోతే ఆ రోజంతా ఏదో తక్కువైనట్టు ఉండడం. నాలుగు రాత్రుల్లో మూడున్నర గంటల మాట వచ్చింది. అందులోంచి ఆరు నిమిషాలు సినిమాలో ఉంది. బొమ్మలో ఆయన పెదవి కదలదు, గొంతు మాత్రం వినిపిస్తుంది. మైకు చార్జింగు సరిగ్గా ఉండి ఉంటే నేను ఆ రాసిన డైలాగులతోనే సినిమా ముగించీవాణ్ణేమో.

మనవడి వేషం మా ఫ్రెండు వేస్తున్నాడు. మూడోరోజు వాడికి వైజాగ్‌లో ఉద్యోగం ఖాయమైంది, సోమవారమే చేరాలి. వాణ్ణి ఆపే హక్కు నాకు లేదు, ఇంట్లో వాడి జీతం కోసం ఎదురుచూసీవాళ్ళున్నారు. కొత్తవాణ్ణి పెడితే మూడ్రోజులు తీసింది పోతుంది. ఇంక ఆలోచిస్తే, మా వీధిలో పాతికేళ్ళ కుర్రాళ్ళు ఎంతమంది ఊళ్ళో ఉన్నారు? వైజాగ్, హైదరాబాదు, భువనేశ్వర్, చెన్నై. సినిమాలో కూడా మనవణ్ణి ఊరు పంపించీసాం. వాడు నిజంగానే వైజాగ్ వెళ్ళి, పని అయిపోయాక రాత్రి రూమ్ బయట మెట్ల మీద కూర్చుని ఫోను చేసాడు, ఆ ఫోను రికార్డు చేసి అదే పెట్టాం. వెనకాల బస్సు చప్పుడు వినిపిస్తుంది, వాడి గొంతులో అలుపు వినిపిస్తుంది. "తాతా, తిన్నావా? గ్లాసులు మళ్ళీ మోగినాయా?" అని అడుగుతాడు. రైలు చప్పుడు వినపడని మనవడు కాస్తా, ఆ చప్పుడికి 150 కిలోమీటర్లు పైనే దూరంలో ఉన్న మనవడు అయ్యాడు. నేను ఎంత కూర్చుని రాసినా ఇది నాకు తట్టదు.

లైట్ల దగ్గర మాకు ఖర్చు దాదాపు లేదు. పగటి సీన్లకి వాకిట్లోంచి వచ్చే వెలుగే. ఆషాఢం మబ్బు కాబట్టి వెలుగు మెత్తగా, రోజంతా ఒకేలాగ ఉండీది, అది మా అదృష్టం. కానీ మొహం అవతలి పక్క నల్లగా అయిపోతుంది. పెళ్ళిళ్ళ పాత ఫ్లెక్సీలు మా స్టూడియో వెనకాల గుట్టగా ఉంటాయి, వాటి వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, ఆరడుగులు ఎనిమిదడుగుల ఫ్లెక్సీ తిప్పి గోడకి కట్టాం. వెలుగు వచ్చింది గాని బుగ్గ మీద నూనె రాసినట్టు మెరుస్తుంది. దాని మీద తాత పంచె కప్పితే సరిపోయింది. సత్యజిత్ రాయ్ గారి కెమెరామాన్ సుబ్రత మిత్ర 1956లో వచ్చిన అపరాజితో అనే సినిమా కోసం ఇలాంటి పనే చేసారు. కాశీలో ఇంటి వాకిలిని కలకత్తా స్టూడియోలో సెట్ వేస్తే, పైన తెల్లగుడ్డ పరిపించి, లైట్లు దాని మీదకి కొట్టి, కిందకి దిగిన వెలుగుతో ఆకాశం నుంచి వచ్చే వెలుగులాగ చేసారు. అది చదివిన దగ్గర్నుంచీ నాకు తెల్లగుడ్డ అంటే నమ్మకం. అన్నీ కుదరలేదు, వెన్నెల కోసం నీలం జిలాటిన్ కాగితం బల్బుకి చుట్టి చూసాం, జాతరలో నాటకం స్టేజీలాగ వచ్చింది, తీసి పారేసాం.

కథలో ఒక సాయంత్రం వీధంతా ఖాళీగా ఉండాలి. మా వీధి ఎప్పుడూ ఖాళీ కాదు, పిల్లలు, ఆవులు, మురీమిక్చరు బండి. జనాన్ని ఆపడానికి మనుషులు కావాలి, ఆ మనుషులకి భోజనం కావాలి. ఆషాఢ శుద్ధ విదియ వచ్చింది, రథయాత్ర. ఊరు ఊరంతా రథం దగ్గరికి వెళ్ళిపోయింది. సాయంత్రం మా వీధిలో తాత, నేను, బావ, ఒక కుక్క ఉన్నాం. ఇరవై నిమిషాల్లో నాలుగు షాట్లు తీసేసి మేమూ పరిగెత్తి రథం దగ్గరికి వెళ్ళాం. దూరంగా వినిపించే మేళం కూడా మైకులో పడింది, అది సినిమాలో అలాగే ఉంచాం. అప్పట్నించి షూటింగు షెడ్యూలు పంచాంగం చూసి వేసుకోమని అందరికీ చెప్తన్నాను. సంత ఏరోజు, జాతర ఎప్పుడు, కరెంటు ఎప్పుడు తీస్తారు, ఇవి తెలిస్తే చాలా డబ్బు మిగుల్తుంది.

ఇంక అసలు సీను. రాత్రి ఒంటిగంట, తాత మంచం మీద కూర్చుని ఉంటారు, కిటికీలోంచి చిన్నబండి వెలుగు ఆయన మొహం మీద నుంచి వెళ్ళాలి, ఒకదాని తర్వాత ఒకటి పెట్టెల కిటికీలు. మొదట నిచ్చెనతో చేసాం. బయట లైటు పెట్టి, దాని ముందు నుంచి ఇద్దరు నిచ్చెన అడ్డంగా పట్టుకుని నడిస్తే మెట్ల సందుల్లోంచి వెలుగు చారలు పారతాయి. చారలు బాగానే వచ్చాయి గాని రెండు సెకన్లలో నిచ్చెన అయిపోయింది. రెండు నిచ్చెనలు కట్టాం, నాలుగు సెకన్లు. అరుగు అంతకన్నా పొడుగు లేదు.

బావకి తట్టింది. దూలానికి గుండ్రంగా కట్టి తిప్పితే ఎప్పటికీ అయిపోదు కదా అన్నాడు. తెలిసిన కొట్లోంచి ఫ్రిజ్జు అట్టపెట్టెలు రెండు తెచ్చి, అడుగున్నర వెడల్పు పట్టీలు కోసి, వాటిలో పదకొండు కిటికీలు కత్తిరించి, చుట్టూ కలిపి టేపు వేసాం, నాలుగడుగుల అడ్డం వచ్చింది. మూడు పురికొసలతో అరుగు దూలానికి వేలాడదీసాం. మధ్యలో స్టూలు మీద బల్బు. ఎల్‌ఈడీ బల్బు పెడితే కిటికీల అంచులు అలుక్కుపోయినట్టు ఉన్నాయి, ఎందుకంటే దాని పాల గాజు మొత్తం వెలుగుతుంది. బావ పాత సామాన్లలో 100 వాట్ల పారదర్శకం గాజు బల్బు ఒకటి ఉంది, లోపల తీగ సన్నది, అది పెడితే అంచులు కోసినట్టు పడ్డాయి, రంగు కూడా పాత బండి పెట్టెల్లో వెలుగులాగ పసుపు.

చేత్తో తిప్పితే వేగం కుదుపులుగా ఉంది. అప్పుడు పిల్లాడొకడు, బావ కొడుకే, తొమ్మిదేళ్ళ గుంటడు, ఉయ్యాల మెలి తిప్పినట్టు తాడు మెలి తిప్పి ఒగ్గేసాడు. చట్రం మొదట నెమ్మదిగా కదిలింది, తర్వాత వేగం అందుకుంది, మెలి అయిపోయాక అవతలి పక్కకి మెలిక పడుతూ మెల్లగా తగ్గింది. దూరం నుంచి బండి రావడం, దాటడం, పోవడం, మొత్తం అందులోనే ఉంది. మేం ముగ్గురం గదిలో గోడ మీద ఆ చారలు చూస్తా ఎవరం మాటాడలేదు. బయట వాన.

టేకు రెండు. తాతకి చెప్పింది ఒకటే, కదలకుండా కూర్చుని కిటికీ వైపు చూడండి అని. కెమెరా ట్రైపాడ్ మీద బిగించి ఉంది, ఫ్రేములో ఆయన మొహం. చట్రం ఒగ్గేసాం. చారలు గోడ మీదకి వచ్చాయి, ఆయన మొహం మీదకి వచ్చాయి, వేగం అందుకున్నాయి. ఆయన లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు. లేచి, కుడి చెయ్యి పైకెత్తి, పచ్చలైటు చూపించినట్టు పట్టుకున్నారు. నా ఫ్రేములోంచి ఆయన తల పోయింది, ఫోకసు కొంచెం పోయింది, మిగిలింది బనీను, ఛాతీ, పైకి లేచిన ముంజేయి, దాని మీద పరిగెడుతున్న కిటికీలు. చివరి చార పోయేదాకా చెయ్యి దించలేదు. బావ చట్రాన్ని పట్టుకుని ఆపి లోపలికి వచ్చి చూసి, ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఇంకో మూడు టేకులు తలతో సహా తీసాం, ఫోకసు కరెక్టుగా. వాటిల్లో ఒక్కటీ పెట్టలేదు. తల లేని టేకే సినిమాలో ఉంది.

చప్పుడు తయారుచెయ్యడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. పెద్దబండి చప్పుడు పనికిరాదు, ఇప్పటి పట్టాలు వెల్డింగు చేసి పొడుగ్గా ఉంటాయి, అతుకుల దెబ్బ తక్కువ. చిన్నబండికి అతుకులెక్కువ. మా అమ్మ కుట్టుమిషను, కాలితో తొక్కేది, దాని చెక్కకి మైకు గుడ్డతో కట్టి అమ్మ చేత తొక్కించాం, ముందు నెమ్మదిగా తర్వాత బేగి బేగి. దాన్ని సగం స్పీడుకి తగ్గిస్తే గొంతు బరువుగా దిగి, ఇనుములాగ వచ్చింది. మురిసిపోయి తాతకి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విని, "ఇది బండి కాదురా, ఇది మిసను" అన్నారు. ఎందుకు తాతా అంటే మంచంకోడు మీద వేళ్ళతో కొట్టి చూపించారు, టకటక్, ఖాళీ, టకటక్, ఖాళీ. ఒక్కో బోగీకి, అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రానికి, రెండు ఇరుసులు, అతుకు దగ్గర రెండు దెబ్బలు పడి తర్వాత కాస్త ఎడం. మిషనుకి అన్నీ ఒకే ఎడం. ఇంటికెళ్ళి డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేర్‌లో, అది ఉచితంగా దొరికే వెర్షనే, మూడోది మూడోది దెబ్బ కోసుకుంటూ కూర్చున్నాను, రెండు రాత్రులు పట్టింది. మళ్ళీ వినిపించాను. ఈసారి ఏమీ అనలేదు, రెండు అరచేతులు గొట్టంలాగ నోటి దగ్గర పెట్టుకుని కూత కూసారు. స్టీమింజను కూత, మొదట సన్నగా, చివర్లో కిందకి జారిపోయీది. నా ఫోను అప్పటికి రికార్డింగులోనే ఉంది. సినిమాలో కూత అదే. ఎడిటింగులో దానికి కొంచెం దూరం కలిపాను తప్ప ఇంకేం చెయ్యలేదు.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. చిన్న సినిమా అంటే అందరూ ఊరికే పనిచెయ్యాలి అన్నట్టు అయిపోయింది. నేను నమ్మను. సామాను లేకపోతే ఇంకోటి వెతకొచ్చు, లొకేషను లేకపోతే కథ మార్చొచ్చు, మనిషి కష్టానికి మాత్రం మారుసరుకు లేదు. మాకు మొత్తం 34,700 అయింది. భోజనాలు, టీలు 12,400, ఇందులో ఒక్క రూపాయి తగ్గించలేదు. పనిచేసినవాళ్ళకి కలిపి 7,000, తక్కువే, అయినా అందరికీ చేతిలో పెట్టాం. హార్డ్ డిస్కు 4,800, మైకులు చెప్పాను కదా, పెట్రోలు, ఆటోలు 3,100, వైర్లు, హోల్డర్లు, టేపు 1,300. తాత డబ్బు ముట్టుకోలేదు, బలవంతం చేస్తే కోప్పడ్డారు, అందుకని పంచెలచాపు, కండువా, కొత్త దుప్పటి 2,000కి తెచ్చి ఇచ్చాం. చివర్లో ప్రొజెక్టరు అద్దె 1,500. మిగిలిన 5,300 మా అమ్మకి తిరిగి ఇచ్చాను, మిగతా 2,700 శ్రావణం పెళ్ళిళ్ళ డబ్బుల్లోంచి కలిపి ఇచ్చాను.

శ్రావణంలో పగలంతా పెళ్ళిళ్ళు, రాత్రి ఎడిటింగు. ఒడియాలో, ఇంగ్లీషులో సబ్‌టైటిల్సు మా అప్ప, నేను కూర్చుని రాసాం. 17 నిమిషాలకి తేలింది.

వినాయకచవితి మూడోరోజు రాత్రి మా వీధి పందిట్లో వేసాం. తెరగా ఆ ఫ్లెక్సీనే, తెల్లవైపు. కుర్రాళ్ళు ముందు కాస్త గోల చేసారు, గ్లాసులు మోగే సీను దగ్గర సర్దుకున్నారు. వైజాగ్ నుంచి మావాడు సెలవు పెట్టుకుని వచ్చాడు, తన గొంతు వినిపించినప్పుడు తల దించుకుని కూర్చున్నాడు. తాత ముందు వరసలో కుర్చీలో, కొత్త పంచె కట్టుకుని. కూత వచ్చినప్పుడు పక్కనున్న ముసలావిడ ఆయన చెయ్యి పట్టుకుంది, ఆవిడా ఆ బండి ఎక్కి కాపురానికి వచ్చిన మనిషే.

అయిపోయాక అందరూ బాగుందన్నారు, నేను ఆయన కోసం చూస్తన్నాను. దగ్గరికి పిలిచి, నా చెవిలో, చాలా సీరియస్‌గా అడిగారు, "సెయ్యెత్తినాను గాని సేతిలో లాంతరు లేదు కదరా. చీకట్లో డ్రైవరుకి ఎలా తెలుస్తాది?"

మళ్ళీ తీద్దామని అడుగుతున్నారు. పొద్దున్నే స్టూడియోకి వచ్చి రెండుసార్లు గుర్తు చేసారు. అట్టచట్రం మా అటక మీద అలాగే ఉంది, ఆ బల్బూ ఉంది. నేను ఆ షాట్ ముట్టుకోనని చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.